సురేంద్ర సార్ పేరు మీద సత్తెమ్మ గుండె

మా తొమ్మిది మంది ఆడోళ్ల చేతులకు కలిపి ఇరవై మూడు బ్యాండ్లు ఉండె. ఒక్కటి గూడ మాది కాదు.

అవి నాలుగో అంతస్తుల కంప్యూటర్ల ముందు కూసునేటోళ్లవి. గడియారం లెక్క చేతికి కట్టుకుంటే ఎన్ని అడుగులేసినవ్, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకున్నది, అన్నీ రాసుకుంటది. ఆ లెక్క ఫోన్లకు పోతది, ఫోన్ల నుంచి గోడ మీది టీవీకి ఎక్కుతది. కంపెనీ పదిహేను రోజుల పోటీ పెట్టింది. గుండె బాగుండాలంటే నడవాలె, ఏ అంతస్తు ఎక్కువ నడిస్తే ఆ అంతస్తుకు అనంతగిరి కొండల రిసార్టుల రెండు రోజులు. వెనక గేటు దగ్గర గుండె పరీక్షల బస్సు గూడ తెచ్చి నిలబెట్టిన్రు. మంచిదే. కాని కుర్చీ ఇడిసిపెట్టనోళ్లకు నడక పోటీ పెడితే ఏం జేస్తరు? నడిచేటోళ్లను ఎతుక్కుంటరు.

మొట్టమొదట ఎతుక్కున్నది సురేంద్ర సార్. ప్రొద్దుటూరు దిక్కు మనిషి, ముప్పై ఐదేండ్లుంటయ్, నలభై మంది టీముకు పెద్ద. పోటీ రెండో రోజు ప్యాంట్రీల నిలబడి చాయ్ తాగుతున్నడు. సత్తెమ్మక్క మాపు కట్టె పట్టుకుని ఆ మూల నుంచి ఈ మూలకు తుడుస్తున్నది.

"సత్తెమ్మా, దినానికి ఎంత దూరం నడుస్తాండావో ఎప్పుడన్నా లెక్కేసినావా?" అన్నడు.

"లెక్కెయ్యాలంటె ఆగాలె గద సార్. ఆగితే అజయ్ ఊకుంటడా?"

అజయ్ అంటే మా సూపర్‌వైజర్. కాంట్రాక్టరు మనిషి. మేం గోడకు ఒరిగినా ఫోటో తీసి గ్రూపుల పెడ్తడు.

సార్ నవ్విండు. తన చేతి బ్యాండు ఇప్పి అక్క చేతికి కట్టిండు. సాయంత్రం నాలుగింటికి మా డ్యూటీ అయిపోయినంక అక్క దాన్ని తిరిగిస్తే అందుల పందొమ్మిది వేల అడుగులు. నిన్నటిదాకా ఆఖరు నుంచి మూడో పేరు సార్‌ది. తెల్లారి టీవీ మీద అందరికంటె పైన సార్ పేరే.

ఇగ మిగిలినోళ్లు ఆగుతరా? ఒకలెనక ఒకలు వచ్చిన్రు. ప్యాంట్రీల ఖాళీ బిస్కెట్ల డబ్బా పెట్టినం. పదింటికి వచ్చినోడు వచ్చినట్టు బ్యాండు అందుల పడేస్తడు, మేం తీసి కట్టుకుంటం, నాలుగింటికి మళ్ల అందులనే ఏస్తం. నా చేతికి రెండు. పుణ్యవతికి మూడు. దాని సంబురం చూడాలె. "మా దినేష్ సార్ ఎనకపడ్డడే సంధ్యా, జర రెండో మెట్ల దారి గూడ ఊడ్సొస్త" అని ఉరికేది. దినేష్ సార్‌కు తెల్వనే తెల్వదు ఆయన మధ్యాహ్నం మూడింటికి మెట్లు ఊడుస్తున్నడని.

మాకేం వస్తది అంటరా? ఏం రాదు. కాని గోడ మీద అంత పెద్ద టీవీ, దాంట్ల అందరికంటె పైన సత్తెమ్మక్క కాళ్లు. పేరు ఇంకోలది అయితే ఏంది, కాళ్లెవలివో మాకెర్కనే గద. పొద్దున రాంగనే బకెట్లు పక్కన పెట్టి ముందు టీవీ చూసేటోళ్లం. ఆరో అంతస్తు మీద మేం గెలుస్తున్నం. "మేం" అనే అనుకున్నం. అబద్ధమెందుకు, నేను గూడ.

తొమ్మిదో రోజు పగటి అన్నానికి కింద బేస్‌మెంట్ల కూసున్నం. కెఫెటేరియాల మేం కూసోవద్దు, అది రూలు. అక్క జొన్నరొట్టె తుంచింది, నోట్ల పెట్టుకోబోయి ఆగింది.

"ఏందిది సంధ్యా? చెయ్యి జివ్వుమంటున్నది. కరెంటు వస్తున్నదా దీంట్ల?"

చూసిన. బ్యాండు మీద ఎర్ర గుండె బొమ్మ, కింద ఇంగ్లీషుల రెండు ముక్కలు. నేను పదో తరగతి దాకనే బడికి పోయిన గని, గోడల మీద, డబ్బాల మీద కనబడ్డదల్లా చదువుకుంట పనికొచ్చేంత నేర్సుకున్న. కూడబలుక్కున్న. గుండె లయ తప్పింది అని ఉన్నది. పక్కన అంకె నూట నలభై ఎనిమిది. నా చేతిది చూసుకున్న, ఎనభై రెండు. ఇద్దరం కూసోనే ఉన్నం. ఇద్దరం రొట్టెనే తింటున్నం.

అక్క మణికట్టు పట్టుకున్న. ఒకటి, రెండు, ఆగింది. మూడు నాలుగు ఐదు దబదబ వచ్చినయ్. మళ్ల ఆగింది. డప్పు రానోని చేతికి డప్పిచ్చినట్టు.

"అక్కా, నీకు ఆయాసం వస్తదా?"

"ఎవలికి రాదే?"

"నాకు రాదు. సక్కగ చెప్పు."

రొట్టె కింద పెట్టింది. "రెండేండ్ల సంది వస్తున్నది. బకెట్ మోసుకుని మెట్లెక్కితే పానం గొంతుల కొస్తది. పండుకుంటె గూడ దిండు రెండు పెట్టుకోవాలె."

"రెండేండ్ల సంది నోరు మూసుకున్నవా?"

"రుక్కమ్మ నోరు తెరిసింది గద. ఏమైంది?"

పోయిన వానకాలం రుక్కమ్మ లిఫ్టు దగ్గర కండ్లు తిరిగి పడ్డది. నీళ్లు కొట్టి లేపినం. తెల్లారి అజయ్ కాయితం మీద "అన్‌ఫిట్" అని రాసిండు, దాని జాగల ఇంకో ఆమె వచ్చింది. రుక్కమ్మ మళ్ల గేటు లోపలికి రాలే. సత్తెమ్మక్క పెనిమిటి చంద్రయ్య తెల్లాపూర్‌ల పెద్దపెద్ద విల్లాల కాడ వాచ్‌మన్. ఇద్దరు పనిజేస్తెనే ఇల్లు నడుస్తది. అందుకే అక్క ఆయాసాన్ని గూడ యూనిఫాం లోపల దాసుకుని తిరిగింది.

తెల్లారి పన్నెండింటికి సురేంద్ర సార్ ప్యాంట్రీలకు ఉరికొచ్చిండు. మొఖమంతా చెమట. ఒంటి మీద ఆట బట్టలు, కాళ్లకు కొత్త బూట్లు.

"సత్తెమ్మ యాడుంది?"

"ఏమైంది సార్?" అన్న.

చెప్పుకుంట పోయిండు. నిన్న సాయంత్రం బ్యాండు పెట్టుకుని ఫోను తెరిస్తే "గుండె లయ తప్పింది, మూడుసార్లు" అని వచ్చిందట. వాళ్ల నాయన యాభై ఏండ్లకే గుండె ఆగి పోయిండట. తన బ్యాండు పగలంతా ఎవరి చేతికున్నదో ఆ భయంల యాదికి రాలేదు. బ్యాండ్ల లెక్క వాళ్లకు గూడ పోతదట, పొద్దుగాలనే బస్సు పెట్టిన ఇన్సూరెన్సోళ్లు ఫోన్ జేసిన్రు, అందరికంటె ముందు నువ్వే రావాలె అని. బస్సెక్కిండు. ఈసీజీ తీసిన్రు, బాగుంది. ఛాతీకి తీగలంటించి ట్రెడ్‌మిల్ మీద ఉరికిచ్చిన్రు. ఆఖరు మెట్టు దాకా ఉరికిండు. గుర్రం లెక్క ఉన్నవ్ సార్ అన్నరట.

"అయినా డాక్టరమ్మ ఒప్పుకోలా. ఇక్కడ బాగుండాది, బ్యాండులో బాగలేదు, ఎందుకో తేల్చాల్సిందే అనింది. రేపు పదకొండున్నరకు టూడీ ఎకో. దాని తర్వాత ఇరవై నాలుగు గంటలు ఒంటికి చిన్న డబ్బా కట్టి పంపిస్తారంట, హోల్టర్ అంటారు. పడుకున్నా లేచినా గుండె కొట్టుకునేది రాసుకుంటాదంట. బయటికొచ్చి ఫోన్ చూసినా సంధ్యా. లయ తప్పినది మధ్యాన్నం ఒంటి గంటకు. ఒంటి గంటకు నేను మీటింగ్‌లో ఉండా. నా చెయ్యి ఖాళీ."

ఊపిరి పీల్చుకున్నడు.

"అది నా గుండె కాదు."

"నాకు నిన్ననే తెల్సు సార్" అన్న.

అక్క ఆడనే కప్పులు కడుగుతున్నది. చేతులు తుడుసుకుని వచ్చింది. సార్ అక్కను చూసిండు, కింద చూసిండు. తర్వాత గొంతు తగ్గించి ఒక ఉపాయం చెప్పిండు. ఉపాయం మంచిగనే ఉన్నది, అదే దాని కష్టం. రేపు హోల్టర్ డబ్బా తనకు కడ్తరు. తను కిందికి దిగంగనే ఇప్పి, ఆడోళ్ల రూములకు పంపిస్తడు. ఆ అంటుబిళ్లలు ఏది ఏడ పెట్టాలెనో ఫోటో తీసుకుంటడు. నేను అక్కకు అంటియ్యాలె. ఎల్లుండి తిరిగిచ్చేస్తె అయిపాయె. ఎవ్వలికి తెల్వది.

సత్తెమ్మక్క మొఖం ఎలిగిపోయింది. "మంచిగున్నది గద సంధ్యా. సార్ పేరు మీద అయిపోతది. అజయ్‌కు తెల్వనే తెల్వది."

పుణ్యవతి గూడ తలూపింది. నాకు మాత్రం ఎక్కడ్నో ముల్లు గుచ్చుకున్నట్టయింది.

"సార్, రిపోర్టు ఎవరి పేరు మీద వస్తది?"

"నా పేరు మీదే."

"గోలీలు ఎవరికి రాస్తరు?"

సార్ చేతుల ఫోను అటుఇటు తిప్పిండు.

"అక్క దవాఖానకు పోయి ఏ కాయితం చూపెడ్తది? సురేంద్ర, మగ, ముప్పై ఐదేండ్లు అని ఉన్న కాయితమా? ఆమె అడుగులు మీ పేరు మీద పోయినయ్, పోనీ. పెయ్యిల రోగం గూడ మీ పేరు మీదనేనా?"

"సంధ్యా, గట్టిగ మాట్లాడకు" అన్నది అక్క.

"నేను నిజం చెప్తే నా ఉద్యోగం యాడుంటాది?" అన్నడు సార్. "ఇన్సూరెన్స్‌కు దొంగ లెక్క ఇచ్చినట్టు. ఊరికే వదలరు."

ఆయన భయం అబద్ధం కాదు. కాని అక్క ఆయాసం అంతకంటె పాతది. "మీరు చెప్పకున్రి. నేనే పోయి అడుగుత" అన్న.

పగటిపూటనే అక్క చెయ్యి పట్టుకుని బస్సు కాడికి పోయిన. మెట్ల మీద ఒకాయన కూసోని ట్యాగులు చూస్తున్నడు. నీలం ట్యాగు కంపెనీ మనుషులది, ఆకుపచ్చది మాది.

"ఆకుపచ్చకు లేదమ్మా."

"గుండె గూడ ఆకుపచ్చదే ఉంటదా అన్నా?"

"నన్నడిగితే ఏముంది? లిస్టుల పేరు లేదు."

అక్కడి నుంచి స్వాతి మేడం కాడికి. హెచ్చార్‌ల పెద్ద. మంచిగనే మాట్లాడింది, కుర్చీ చూపెట్టింది, నీళ్లిచ్చింది. "మీరు మా ఎంప్లాయీస్ కాదు కదమ్మా, మీ కాంట్రాక్టర్‌ను అడగాలి" అన్నది. మేడం నోట్లకెళ్లి వచ్చిన మాటల అదొక్కటే పనికొచ్చే మాట, అది గూడ పనికి రాలే. ఎందుకంటె కాంట్రాక్టరు అంటే మాకు అజయే.

అజయ్ ఏమన్నడు? "ఎవరికన్నా పానం బాగలేదా? పేరు చెప్పు. రేపట్నుంచి వేరే ఆమెను పెడ్త."

"ఎవరికీ లేదు" అన్న. పండ్లు కొరుక్కుని.

నాలుగింటికి డబ్బాల బ్యాండ్లు ఏసుకుంట నిలబడ్డం. ఒక్కొక్కటి టక్కుమని పడుతున్నది. టీవీల మా అంతస్తు ఆరో అంతస్తు కంటె కొంచెం ముందున్నది. పోటీ ఇంక ఐదు రోజులే. ఆ పడే సప్పుడు వినుకుంట వినుకుంట నా మెదడుల ఏదో ఎలిగింది. కడుపుల నవ్వొచ్చింది.

"రేపు మనం నడవొద్దు" అన్న.

"ఏందే?"

"బ్యాండ్లు కట్టుకుందాం. పని ఆపొద్దు అంటే పొద్దున ఏడు నుంచి పది దాకా దబదబ అన్నీ తుడిసేద్దాం. పదింటికి బ్యాండ్లు కట్టుకుని కూసుందాం. కెఫెటేరియాల. టీవీ ముంగట."

పుణ్యవతి నోరు తెరిసింది. తర్వాత మెల్లగ నవ్వుడు షురూ జేసింది, ఆగలే. తొమ్మిది మంది బిస్కెట్ల డబ్బా చుట్టూ నిలబడి నవ్వుతుంటే ఆఫీసోళ్లు తలలు తిప్పి చూసిన్రు.

తెల్లారి పదిన్నర. కెఫెటేరియాల తొమ్మిది మందిమి వరుసగ కూసున్నం. ఆ కుర్చీలు అంత మెత్తగుంటయని అప్పటిదాక తెల్వది, తుడిసినం గని కూసోలే. చేతులు ఒళ్లె పెట్టుకున్నం, కదిలితే అడుగు లెక్కైతదేమో అని. టీవీల ఆరో అంతస్తు ఎక్కుతున్నది. మాది ఎక్కడిదక్కడనే.

పదీ నలభైకి మా అంతస్తును ఆరో అంతస్తు దాటేసింది. ఇగ వచ్చుడు షురూ. మొదట దినేష్ సార్ వచ్చిండు, చేతుల ఫోను.

"పుణ్యవతీ, బ్యాండ్ పనిచేయట్లేదా? పొద్దుటి నుంచి నాది పన్నెండు అడుగులే ఉంది."

"మంచిగనే పనిజేస్తున్నది సార్. పన్నెండే నడిసిన."

"ఎందుకు?"

"కాళ్లు నొస్తున్నయ్."

ఆయన నన్ను చూసిండు. చెప్పిన. సత్తెమ్మక్కను బస్సెక్కిచ్చి, ఆమె పేరు మీద గుండె పరీక్ష చేయిస్తే లేస్తం. పని పోదని అజయ్ రాసియ్యాలె. అంతే.

"ఇది బ్లాక్‌మెయిల్" అన్నడు.

"కూసునుడు బ్లాక్‌మెయిలైతే మీరు ఐదేండ్ల సంది ఏం జేస్తున్నరు సార్?" అన్నది పుణ్యవతి. ఎనక నిలబడ్డ ఇద్దరు పిల్లలు నవ్వు ఆపుకోలేక మొఖాలు తిప్పుకున్నరు.

పదకొండయ్యే వరకు ఇరవై మంది మా చుట్టూ చేరిన్రు. ఒకలు బతిమాలుతరు, ఒకలు గుసగుసగ బెదిరిస్తరు. అందరికీ ఒకటే భయం, ఎవరి బ్యాండు ఎవరి చేతికున్నదో పేరు బయటికొస్తదని. అజయ్ ఉరికొచ్చి ఫోటో తియ్యబోతే దినేష్ సారే అడ్డం నిలబడ్డడు. ఎందుకంటె ఫోటోల ఆయన బ్యాండు పడ్తది. నాకు ఒంట్లె ఉన్న నెత్తురంతా చెవులకెక్కినట్టయింది. భయం కాదది, గెలుస్తున్నమని తెలుస్తుంటే అట్లనే ఉంటది. కాని పక్కకు చూసిన. సత్తెమ్మక్క పెదవులు నీలంగ ఉన్నయ్, ఊరికే కూసున్నదానికే పైపైకి ఊపిరి పీలుస్తున్నది. బస్సుల సురేంద్ర సార్‌కిచ్చిన పదకొండున్నర స్లాటు పోతే మళ్ల ఎప్పుడో తెల్వది. ఆ సంబురమంతా ఒక్క నిమిషంల దిగిపోయింది.

అప్పుడు స్వాతి మేడం వచ్చింది, ఆమె ఎనకనే సురేంద్ర సార్.

"ఏం జరుగుతోంది ఇక్కడ?" అన్నది మేడం.

అంత మంది చదువుకున్నోళ్లు చెప్పుల దిక్కు చూసుకుంటున్నరు. సురేంద్ర సార్ గొంతు సవరించుకున్నడు. ఈయన గూడ కిందికే చూస్తడు అనుకున్న.

"నా బ్యాండ్ సత్తెమ్మ చేతికుండింది మేడం. తొమ్మిది దినాలు. అడుగులు ఆమెవి. లయ తప్పిన గుండె కూడా ఆమెదే. నాకు నిన్న చేసిన టెస్టులన్నీ దండగ."

"సురేంద్రా, మీరేం చెప్తున్నారో తెలుసా?"

"తెలుసు. పదకొండున్నరకు ఎకో నాకుంది. నాకు అక్కర్లేదు. ఆమెను చూడమనండి. తర్వాత నా మీద ఏం రాసుకుంటారో రాసుకోండి."

మేడం కండ్లద్దాలు తీసింది. "అట్లా కుదరదు. అది ఇన్సూరెన్స్ వాళ్ల క్యాంప్, పేర్లు మార్చడానికి..."

నేను లేసిన. నా బ్యాండ్ల మీద ఇంకో మూడు అడుగులు పడ్డయ్, పడనియ్యి.

"మేడం, సత్తెమ్మక్క ఒక్కతే కాదు. ఈ ఇరవై మూడు మంది గుండెల లెక్క మొత్తం మావే. ఆ డాక్టరమ్మ ఫోన్ల చూసి బాగున్నోళ్లను పిలుస్తది, బాగలేనోళ్లను ఇడిసిపెడ్తది. వీళ్లల్ల ఎవరికన్నా నిజంగ ఉంటే? పుణ్యవతి గుండె చూసి దినేష్ సార్‌కు ఏం రోగం లేదంటరా?"

దినేష్ సార్ తల ఎత్తిండు. నేను ఊరికే నోటికొచ్చిన పేరు చెప్పిన. ఆయన మొఖం చూస్తే అట్ల అనిపియ్యలే.

"మెట్లెక్కితే వారం నుంచి ఛాతీ పట్టేసినట్టుంది నాకు" అన్నడు మెల్లగ. "బ్యాండ్‌లో అంతా గ్రీన్ చూపిస్తుంటే గ్యాస్ అనుకున్నా."

పుణ్యవతి నెత్తి కొట్టుకున్నది. "గ్రీన్ నాది గద సార్."

మేడం ఒకసారి దినేష్‌ను చూసింది, ఒకసారి అక్క పెదవులు చూసింది. టైం చూసుకున్నది.

"ఇద్దరినీ తీసుకురండి" అన్నది.

ఉరికినం. అక్కను ఉరకనియ్యలే, సామాన్ల లిఫ్టు కాకుండ పెద్దసార్లు ఎక్కే లిఫ్టుల తీసుకపోయినం. మేం ఎక్కొద్దు అది. ఎవ్వలు అడ్డం రాలే.

బస్సుల డాక్టరు పేరు భార్గవి. సన్నగ ఉంటది, మాట ఖచ్చితం. స్వాతి మేడం చెప్తుంటే సగంలనే ఆపి అక్క చెయ్యి పట్టుకున్నది. పావు నిమిషం పట్టుకుని, "ముందు ఈమెను పడుకోబెట్టండి" అన్నది.

పరదా లోపల నేనున్న. చేతులకు కాళ్లకు క్లిప్పులు పెట్టిన్రు, ఛాతీకి ఆరు బుడ్డలు అంటించిన్రు. మిషిన్ల నుంచి గులాబి గడుల కాయితం జారుకుంట వచ్చింది. దాని మీద గీతలు ఒకటి దగ్గర, ఒకటి దూరం, దేనికీ దేనికీ పొత్తు లేదు. నేను బేస్‌మెంట్ల చేత్తో పట్టి చూసింది కాయితం మీద కనబడ్డది.

"ట్రెడ్‌మిల్ కూడా ఎక్కియ్యాల్నా అమ్మా?" అన్నది అక్క. "నాకు నడుసుడు అలవాటే."

"ఎక్కించను. మీరు నడిచింది చాలు" అన్నది డాక్టరమ్మ.

ఎకోకు ఎడమ పక్కకు తిప్పి పండబెట్టిన్రు. చల్లని జెల్లీ రాసి, రొమ్ము కింద ఒక చిన్న కొన పెట్టి ఒత్తింది. తెర మీద గుండె. నేను కొట్లల్ల మేక గుండె చూసిన గని బతికున్న మనిషిది చూసుడు అదే మొదలు. ఎగురుతున్నది, ముడుసుకుంటున్నది, కుస్తీ పడుతున్నది. డాక్టరమ్మ మీట నొక్కితే సప్పుడొచ్చింది, ఇరుకు పైపుల నీళ్లు గుంజినట్టు.

"చిన్నప్పుడు జ్వరం వచ్చి కీళ్లు వాచాయా మీకు?"

అక్క ఆలోచించింది. "పన్నెండేండ్లప్పుడు. పత్తి చేన్ల పనిజేస్తుంటి. మోకాళ్లు వాసి రెండు నెలలు నడవలే. తర్వాత అదే పోయింది."

"పోలేదమ్మా. గుండెలో దాక్కుంది." తెర మీద వేలు పెట్టింది. "ఇదిగో ఈ కవాటం. రక్తం పై గది నుంచి కింది గదికి దిగే తలుపు. వానకు ఉబ్బిన తలుపులా ఇరుక్కుపోయింది, సగం కూడా తెరుచుకోవట్లేదు. అందుకే పై గది సాగిపోయి, కొట్టుకోవడం మాని వణుకుతోంది. వణికేచోట రక్తం గడ్డకడుతుంది. అది తలకెళ్తే పక్షవాతం."

అక్క నా చెయ్యి పట్టుకున్నది. వేళ్లు ఇరిగిపోతయేమో అన్నట్టు.

"మందు ఉన్నదా అమ్మా దీనికి?" అన్న నేను.

"ఉంది. కోత కూడా ఉండకపోవచ్చు. తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి, బెలూన్ ఊది ఆ తలుపు తెరుస్తారు. ఇంకో ఏడాది ఆగుంటే ఏమయ్యేదో చెప్పలేను. మీరు సమయానికే వచ్చారు."

పరదా బయట పుణ్యవతి అన్నీ వింటున్నది. కేక ఏసింది. బయట నిలబడ్డ ఆరుగురు గూడ అందుకున్నరు. ఏం జరిగిందో సగం మందికి తెల్వది, అయినా కేకేసిన్రు.

మిషిన్ తెర మీద మూలకు సురేంద్ర, ఎం, ముప్పై ఐదు అని ఉన్నది. డాక్టరమ్మ అది చెరిపింది. "మీ పూర్తి పేరు?"

అక్క చెప్పింది. ఎప్పుడూ హాజరు పట్టీల తప్ప ఏడ రాయని పేరు. డాక్టరమ్మ టైపు కొట్టింది, ఎఫ్, నలభై రెండు. మిషిన్ కాయితం ఉమ్మింది.

అజయ్ బస్సు మెట్ల మీద నిలబడి ఉన్నడు. అన్‌ఫిట్ అని నోరు తెరవకముందే డాక్టరమ్మ అడిగింది, "ఈమె పనిచేసే చోటుకు బాధ్యులు మీరేనా? వైద్యం అయ్యాక ఈమె మామూలుగా పనిచేసుకోవచ్చు. నేను రాసిస్తున్నాను. మీరేం రాసిస్తారు?"

"ఆఫీసుల అడిగి..."

"ఇక్కడనే రాయి" అన్న. మావోళ్లు ఏడుగురు ఎనక నిలబడ్డరు. వాళ్ల ఎనక స్వాతి మేడం గూడ, ఎందుకొచ్చిందో ఏమో, చేతులు కట్టుకుని నిలబడ్డది. అజయ్ చెమట తుడుసుకుని మా హాజరు కాయితం ఎనక రాసిండు. సత్తెమ్మ వైద్యమైనంక అదే పనికి, అదే జాగకు. సంతకం, తేదీ. నేను రెండుసార్లు చదివి మడిసిన.

దినేష్ సార్‌ను ఆరోజే ట్రెడ్‌మిల్ ఎక్కిస్తె నాలుగో నిమిషంలనే ఆపి, పండబెట్టి, అంబులెన్సుల పంపిచ్చిన్రు. బతికిండు. పోటీ రద్దయింది, అనంతగిరి ఎవ్వలికీ లేదు. సురేంద్ర సార్‌ను పిలిచి నోటీసిచ్చిన్రు. ఆ నోటీసు జేబుల పెట్టుకునే ఆయన కారు తీసిండు, అక్కను, నన్ను, పుణ్యవతిని ఎక్కిచ్చుకుని పెద్ద సర్కారు దవాఖానకు తీస్కపోయిండు. చంద్రయ్య తెల్లాపూర్ నుంచి ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకుని అటే వచ్చిండు, వాచ్‌మన్ టోపీ తియ్యడం మర్సి.

అక్కడి పెద్ద డాక్టరు కాయితం చూసి మళ్ల ఎకో తీసిండు. అదే మాట చెప్పిండు. రక్తం పలచబడే గోలీలు రాసిండు, నెల తర్వాత లోపల గడ్డ లేదని చూసుకుని బెలూన్ పెడ్తం అన్నడు. తారీఖు ఇచ్చిండు.

"అప్పటిదాకా బరువులు ఎత్తొద్దు. మెట్లెక్కొద్దు. ఇంట్ల కూసోవాలె."

బయటికొచ్చినం. కాయితం అక్క చేతులనే ఉన్నది, ఎవ్వలికీ ఇస్తలేదు. కారు కాడ ఆగింది. మొఖంల పరేషాన్.

"నెల రోజులు కూసోని ఏం జెయ్యాలె సంధ్యా?"

"టీవీ చూడు" అన్నది పుణ్యవతి.

"పొద్దంతనా?"

"పండుకో."

"పగటిపూట పండుకుంటె నిద్రొస్తదా?"

"ఎవలికెర్క" అన్నది పుణ్యవతి. "నేనెప్పుడు పండుకున్న?"

చంద్రయ్య దిక్కు చూసింది అక్క. ఆయనకూ తెల్వది. నాకూ తెల్వది. నలుగురం గేటు ముంగట నిలబడి ఆలోచిస్తున్నం, ఆ నెల రోజులు మాకే ఇచ్చినట్టు. సురేంద్ర సార్ కారుల కూసోని హారన్ కొట్టకుండ ఎదురుచూస్తున్నడు.